నాయనకు మతిమరుపు జబ్బు మొదలైతే ఏ కాగితం రాయించాలి: జీపీఏ, జాయింట్ ఖాతా, గిఫ్టు, కోర్టు

ఇంట్లో పెద్దవాళ్లకు డిమెన్షియా అని డాక్టర్ చెప్పాక పిల్లలు లాయర్ దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "నాయనతో జీపీఏ రాయించుకుంటాం మేడం, ఇక ఏ టెన్షన్ ఉండదు కదా?" నల్లగొండలో సివిల్ కేసులు చూస్తూ ఈ మాట చాలాసార్లు విన్నాను. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, నా తరఫున ఈ మనిషి పనులు చేయవచ్చని రాసిచ్చే పత్రం. ఒక్క జీపీఏతో టెన్షన్ పోదని ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది.

కారణం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం రద్దవుతుందని 201వ సెక్షన్ చెబుతుంది. అంటే నాయనకు తెలివి ఉన్నన్నాళ్లే జీపీఏ నడుస్తుంది. ఆయనకు ఏమీ తెలియని రోజు వచ్చినప్పుడే మనకు ఆ కాగితం గట్టిగా అవసరం పడుతుంది, సరిగ్గా అప్పుడే అది చెల్లదు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో తెలివి పోయాక కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీకి వేరే చట్టాలున్నాయి. మన దేశంలో అలాంటి చట్టం లేదు. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడి 'డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ' నమూనా ఒకటి చూసి వాట్సాప్‌లో పంపిస్తాడు. 'నాకు మతి తప్పినా ఈ పత్రం అమల్లో ఉంటుంది' అని అందులో ఒక వాక్యం ఉంటుంది. దాన్ని స్టాంపు పేపరు మీద ఎక్కించి రిజిస్టర్ చేయించినా ఇక్కడ ఆ వాక్యానికి చట్టం అండ లేదు.

అలాగని పవర్ ఆఫ్ అటార్నీ పనికిరాదని కాదు. డిమెన్షియా ఒక్క రోజులో మనిషిని మార్చేయదు, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. మొదట్లో మనిషికి చాలావరకు అన్నీ తెలుస్తుంటాయి. పొద్దున తిన్నది మరిచిపోయినా, తన పొలం ఎక్కడుందో, ఎవరికి ఏ అధికారం ఇస్తున్నాడో స్పష్టంగా చెప్పగలడు. అదే కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, సంతకం చేసే సమయానికి ఆ పత్రం ఏమిటో, దానివల్ల తనకు లాభమో నష్టమో అర్థం చేసుకోగలిగితే చాలు, ఆ సంతకం చెల్లుతుంది. డాక్టర్ చీటీ మీద 'డిమెన్షియా' అని రాసినంత మాత్రాన ఆ రోజు నుంచి ఆయన సంతకానికి విలువ పోదు. కాబట్టి ఏ కాగితం మంచిది అనే ముందు, మన నాయన ఇప్పుడు ఏ దశలో ఉన్నాడు అని చూసుకోవాలి. ఎంపిక అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు డాక్టర్, తర్వాతే డాక్యుమెంట్ రైటర్

మతిమరుపు అంతా డిమెన్షియా కాదు. థైరాయిడ్ తక్కువైనా, బి12 లోపించినా, మనసులో దిగులు ముదిరినా, ఎప్పుడో కింద పడి తలలో రక్తం గడ్డకట్టినా మనిషి అచ్చం అలాగే కనిపిస్తాడు. వీటికి చికిత్స ఉంది, చాలావరకు కోలుకుంటారు కూడా. బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో చిన్న చిన్న పక్షవాతాల వల్ల వచ్చే డిమెన్షియాను, మందులు సరిగ్గా వాడితే త్వరగా ముదరకుండా చూసుకోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో చూపించండి. అవసరమైతే బీబీనగర్ ఎయిమ్స్‌కో, హైదరాబాద్ నిమ్స్‌కో వెళ్లండి. న్యూరాలజిస్టు గానీ సైకియాట్రిస్టు గానీ జ్ఞాపకశక్తి పరీక్ష చేసి, తేదీ వేసి రాసిచ్చిన రిపోర్టు మీ ఫైల్లో మొదటి కాగితం కావాలి. రేపు ఎవరైనా 'మా నాయనకు అప్పటికే మతి లేదు, మోసం చేసి రాయించుకున్నారు' అని కోర్టుకు వెళితే అక్కరకొచ్చేది ఆ రిపోర్టే.

'ముసలితనం కదా, మామూలే' అని వదిలేసే ఇళ్లే ఎక్కువ. 2023లో వెలువడిన ఒక జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. తొలి గుర్తులు తరచుగా డబ్బు దగ్గరే బయటపడతాయి. కౌలు డబ్బు తీసుకుని తీసుకోలేదనడం, చిట్టీ రెండుసార్లు కట్టడం, పాసుబుక్ పట్టుకుని బ్యాంకులో ఎందుకొచ్చానో తెలియక కూర్చోవడం, ఏటీఎం పిన్ నంబర్ కార్డు వెనకాలే రాసిపెట్టుకోవడం. నాయన సంతకంలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయంటే కాగితాల పని వాయిదా వేయకండి.

మూడు పనులు, మూడు రకాల కాగితాలు

నాయన డబ్బుతో నాయన ఖర్చులు నడపడం ఒక పని. నాయన వైద్యం గురించి నిర్ణయాలు తీసుకోవడం రెండో పని. భూమి, ఇల్లు ఎవరికి పోవాలన్నది మూడోది. ఈ మూడింటినీ ఒక్క జీపీఏలో కట్టేద్దాం అనుకోవడం వల్లనే చాలా ఇళ్లలో తగాదాలు వస్తున్నాయి. మొదటి రెండూ నాయన బతికి ఉండగా ఆయన కోసం చేసేవి. మూడోది పిల్లల కోసం చేసుకునేది. ఈ మూడోదాన్ని పక్కన పెట్టి మొదటి రెండూ ముందు పూర్తి చేయమని నా దగ్గరికి వచ్చిన ప్రతి కుటుంబానికీ చెబుతాను. అలా చేసిన ఇళ్లలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య అనుమానం తక్కువ.

జీపీఏ కంటే స్పెషల్ పవర్ ఎందుకు మేలు

జీపీఏ అంటే అన్ని పనులకూ అధికారం, అమ్మకంతో సహా. స్పెషల్ పవర్ అంటే రాసిన పనులకే అధికారం. డిమెన్షియా ఉన్న ఇంటికి రెండోదే సరైనదని నా గట్టి అభిప్రాయం. నాయన కోసం ఏడాదిలో నిజంగా చేయాల్సిన పనులు ఏమిటో కాగితం మీద పెట్టి చూడండి. పంట రుణం రెన్యువల్, పొలం కౌలుకివ్వడం, ఇంటి కిరాయి వసూలు, కరెంటు మీటర్, ఇంటి పన్ను, తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తులు, నడుస్తున్న కోర్టు కేసులో వకాలత్. వీటిలో ఎక్కడా అమ్మకం లేదు. మరి అమ్మే అధికారం ఎందుకు రాయించుకోవాలి? చిట్యాల, చౌటుప్పల్ వైపు హైవే పక్కనా, షాద్‌నగర్, జడ్చర్ల చుట్టుపక్కలా భూముల రేట్లు పెరిగాక ముసలివాళ్ల జీపీఏల మీద కన్నేసే బ్రోకర్లు తయారయ్యారు. అమ్మే అధికారం ఉన్న కాగితం ఇంట్లో ఉందంటే ఎవరో ఒకరు ఆశపెట్టడానికి వస్తారు. 'అమ్మకం, తాకట్టు, గిఫ్టు చేసే అధికారం లేదు' అని పత్రంలో స్పష్టంగా రాయించండి.

జీపీఏ మీద భూమి కొంటే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. అమ్మకం రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తోనే పూర్తవుతుంది. అయితే తండ్రి కొడుక్కో కూతురికో తన పనులు చూసుకొమ్మని నిజాయితీగా ఇచ్చే పవర్‌కు ఆ తీర్పుతో ఇబ్బంది లేదని కూడా అదే తీర్పులో ఉంది.

పవర్ ఎవరికి ఇవ్వాలన్నది ఇంకో చిక్కు. ఇద్దరు పిల్లలుంటే 'ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలి' అని రాయిస్తే న్యాయంగా అనిపిస్తుంది. కానీ ఒకరు దుబాయ్‌లోనో, పాలమూరు నుంచి పనికి పోయి ముంబైలోనో ఉంటే ఒక్క పనీ ముందుకు కదలదు. ఊళ్లో నాయనతో ఉంటున్న బిడ్డకు పవర్ ఇప్పించి, లెక్కలు మాత్రం మిగతావాళ్లందరికీ నెలనెలా చూపించాలని పత్రంలోనే రాయించడం మేలు. అధికారం తీసుకున్నవాళ్లు అడిగినప్పుడు లెక్క చెప్పాలన్నది కాంట్రాక్టు చట్టంలో ఎలాగూ ఉంది, 213వ సెక్షన్. నాయనను చూసుకునే పని చాలా ఇళ్లలో కూతురిదో కోడలిదో అవుతుంది, పవర్ మాత్రం పెద్దకొడుకు పేరున రాస్తారు. దవాఖానాకు తీసుకుపోయేది ఒకరు, డబ్బు తీసేది మరొకరు అయితే ప్రతి మందుల చీటీకీ ఫోన్ చేసి అడుక్కోవాల్సి వస్తుంది. చూసుకునే మనిషి చేతిలోనే అధికారం ఉండాలి.

ఇంత చేసినా 201వ సెక్షన్ ఉండనే ఉంది. స్పెషల్ పవర్ కూడా నాయన తెలివి ఉన్నంతవరకే. దాన్ని తొలి దశలో రెండు మూడేళ్లు పని నడిపించే సాధనంగానే చూడండి. ఆ గడువులోనే మిగతా ఏర్పాట్లు పూర్తి చేసుకోవాలి. నాయన ఎవరినీ గుర్తుపట్టని దశకు వచ్చాక కూడా పాత పవర్‌తో పంట రుణం కోసం సంతకాలు పెడితే, తర్వాత ఆ సంతకం పెట్టినవాళ్లే జవాబు చెప్పుకోవాలి. చనిపోయాక వాడితే మరీ ప్రమాదం.

బ్యాంకు పనులకు జాయింట్ ఖాతా

రోజువారీ ఖర్చులకు పవర్ కంటే జాయింట్ ఖాతా తేలిక. ఇప్పుడున్న సేవింగ్స్ ఖాతాలో అమ్మ పేరో, దగ్గరున్న బిడ్డ పేరో చేర్చి 'ఐదర్ ఆర్ సర్వైవర్' పెడితే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయవచ్చు. రైతు భరోసా, వడ్లు అమ్మిన డబ్బు, పెన్షన్ పడే ఖాతాలేమిటో చూసుకుని, ఎందులో ఎవరి పేరు చేర్చవచ్చో బ్రాంచిలో అడగండి. నాయన స్వయంగా బ్రాంచికి వచ్చి ఫారం మీద సంతకం చేయాలి కాబట్టి ఇది కూడా తొలి దశలో చేసే పనే.

చాలామందికి తెలియని మెలిక ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంటుంది. 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉన్నా, గడువు తీరకముందే ఎఫ్‌డీ తెంపాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ కావాలి. నాయన ఆసుపత్రిలో ఉండగా డబ్బు కావాల్సి వస్తే అక్కడే ఆగిపోతారు. ఎఫ్‌డీ వేసేటప్పుడో, రెన్యువల్ చేసేటప్పుడో గడువుకు ముందు కూడా ఒక్కరే తీసుకునే అనుమతి రాసివ్వండి. లేదా పెద్ద ఎఫ్‌డీని చిన్నచిన్నవిగా విడగొట్టి, వేర్వేరు నెలల్లో గడువు తీరేలా పెట్టండి.

జాయింట్ ఖాతాకూ లోపాలున్నాయి. పేరు చేర్చిన బిడ్డకు మొత్తం డబ్బు తీసే వీలు వస్తుంది. మిగతావాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం ఇస్తే బ్యాంకు ఖాతాను ఆపేయవచ్చు. అందుకే నాయన ఆదాయమంతా ఒక్క ఖాతాలో పెట్టకుండా, నెల ఖర్చుకు సరిపడా డబ్బు తిరిగే ఖాతాను మాత్రం జాయింట్ చేయండి. మిగతాది ఎఫ్‌డీల్లో ఉంచడం పద్ధతి. ఖాతాలో పేరున్నంత మాత్రాన ఆ డబ్బు ఆ బిడ్డ సొంతం కాదని ఇంట్లో అందరి ముందూ చెప్పుకోవాలి.

పెన్షనర్లకు ఒక ఊరట ఉంది. లైఫ్ సర్టిఫికెట్ కోసం పవర్ అక్కర్లేదు. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇంట్లోనే ఇవ్వవచ్చు.

నామినీ, వీలునామా

ఈ రెండూ మనిషి పోయాకే పనికొస్తాయి. నాయన బతికుండగా ఆయన మందులకు డబ్బు తీయడానికి నామినీగా ఉన్న బిడ్డకు ఏ అధికారమూ లేదు. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. అది కూడా ఇప్పుడే చేయించేయండి.

వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా డిమెన్షియా పేరు వినిపించిన ఇంట్లో రిజిస్టర్ చేయించడమే మంచిది. భూమి ఎవరికి అనే ప్రశ్నకు గిఫ్టు డీడ్ కంటే వీలునామా వెయ్యి రెట్లు నయం. నాయన ఉన్నన్నాళ్లూ ఆస్తి నాయనదే, తెలివి ఉన్నంతకాలం మార్చుకునే హక్కూ ఆయనదే. ఒక్కటి గుర్తుంచుకోండి, తాతల నాటి భూమిలో నాయన తన వాటాకే వీలునామా రాయగలడు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో, 2020లో వినీత శర్మ కేసులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుతో పెళ్లయిన ఆడబిడ్డలకు కూడా అందులో పుట్టుకతో సమాన వాటా ఉంది.

గిఫ్టు డీడ్ గురించి కాస్త నిదానంగా

'రేపు నాయనకు మతి పూర్తిగా పోతే రిజిస్ట్రేషన్ కాదు, ఇప్పుడే మా పేరున గిఫ్టు చేయించేద్దాం.' ఈ తొందరే నన్ను ఎక్కువ భయపెడుతుంది. గిఫ్టు డీడ్ రిజిస్టర్ అయిన క్షణం నుంచి భూమి నాయనది కాదు. పట్టా పాసుబుక్ మారుతుంది. రైతు భరోసా ఆయనకు రాదు. ఆ భూమి మీద ఆయనకు అప్పు పుట్టదు. తర్వాత మనసు మార్చుకుని వెనక్కి తీసుకోవడమూ మామూలుగా కుదరదు.

పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరికి వెళ్లి గిఫ్టు రద్దు చేయించుకోవచ్చు కదా అంటారు. నిజమే. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ దానికోసమే ఉంది. చూసుకోవాలనే షరతుతో ఆస్తి తీసుకుని చూడకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. కానీ ఆ షరతు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో ఈ చట్టాన్ని పెద్దల మేలు కోరే దృష్టితో ఉదారంగా చదవాలంది. కాబట్టి షరతు పత్రంలో లేకుండా గిఫ్టు రాస్తే పెద్ద ప్రమాదమే.

డిమెన్షియా ఉన్న మనిషి విషయంలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. రెండేళ్ల తర్వాత తన భూమి గిఫ్టు చేశాననే సంగతే నాయనకు గుర్తుండదు. ఆకలేస్తే ఆకలి అని చెప్పగలడో లేదో తెలియదు. ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కి 'నా బిడ్డలు నన్ను చూడటం లేదు' అని ఫిర్యాదు చేసేదెవరు? ట్రిబ్యునల్ తనంతట తాను విచారణ చేపట్టే వీలు చట్టంలో ఉంది గానీ, ఎవరో ఒకరు విషయం వాళ్ల చెవిన వేస్తేనే అది జరుగుతుంది. నోరులేని మనిషి చేతిలో మిగిలిన ఒకే ఒక బలం ఆయన పేరున ఉన్న ఆస్తి. అదీ తీసేసుకుంటే ఆయన పూర్తిగా పిల్లల దయ మీద బతకాలి. తప్పనిసరిగా గిఫ్టే కావాలనుకుంటే, నాయన బతికున్నంతకాలం పంట ఆదాయం ఆయనకే, వైద్యం ఖర్చు తీసుకున్నవాళ్లదే, చూడకపోతే రద్దు అనే మూడు మాటలూ పత్రంలో ఉండాలి. లేదంటే వద్దే వద్దు.

ట్రస్టు అనే దారి కూడా ఉంది, అంటే ఆస్తిని నమ్మకస్తుల చేతికి అప్పగించి, రాసిన షరతుల ప్రకారం నడిపించే ఏర్పాటు. నాయన తన ఆస్తిని తన పోషణ కోసం ట్రస్టులో పెడితే, ఆయనకు తెలివి పోయినా ట్రస్టు కొనసాగుతుంది. కిరాయిలు వచ్చే షాపులు, రెండు మూడు ఇళ్లు ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో మంచి లాయర్‌తో మాట్లాడి చేయించుకోవచ్చు. నాలుగెకరాల వరి పొలం ఉన్న ఇంటికి ఆ ఖర్చూ శ్రమా అక్కర్లేదు.

వైద్యానికి వేరే కాగితం

ఆపరేషన్ చేయాలా వద్దా, పిచ్చాసుపత్రి అని భయపడకుండా ఎర్రగడ్డలో చూపించాలా, ఏ మందు ఇవ్వాలి లాంటి నిర్ణయాలకు పవర్ ఆఫ్ అటార్నీ పనికిరాదు. మానసిక వైద్యానికి సంబంధించి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒక తేలికైన మార్గం ఇచ్చింది. తనకు తెలివి లేనప్పుడు తన తరఫున మాట్లాడే ప్రతినిధి ఎవరో నాయన తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేయవచ్చు. ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో కూడా ముందే రాసిపెట్టవచ్చు. ఈ ప్రతినిధికి ఆస్తి మీద ఎలాంటి అధికారం ఉండదు. అందుకే దీన్ని నాయనకు బాగా మనసున్న మనిషి పేరున, భయం లేకుండా రాయించవచ్చు. ఇక చివరి రోజుల్లో వెంటిలేటర్ వద్దు అనుకుంటే దానికి వేరే పత్రం ఉంది. సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుని, 2023లో సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ ఆఫీసర్‌తో గానీ ధ్రువీకరించుకోవాలి.

ఆలస్యమైపోయాక మిగిలేది కోర్టే

దేవరకొండ వైపు ఒక ఇంట్లో నాయన ఇప్పటికే ఎవరినీ గుర్తుపట్టడం లేదు అనుకుందాం. ఎఫ్‌డీలో డబ్బుంది, బ్యాంకు ఇవ్వదు. ఈ దశలో కొందరు చేసే పని నిద్రలో ఉన్న మనిషి బొటనవేలికి సిరా పూయడం. దయచేసి చేయకండి. మతిస్థిమితం లేని మనిషికి ఏముందో తెలియని పత్రం మీద ముద్ర వేయించుకోవడాన్ని చట్టం దొంగ పత్రం సృష్టించడంగా చూస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఉన్న ఈ మాట ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. ఆ పత్రంతో కొన్నవాళ్లూ మునుగుతారు.

ఒకప్పుడు 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం కింద జిల్లా కోర్టు ఇలాంటివాళ్ల ఆస్తికి మేనేజర్‌ను నియమించేది. 2017 చట్టం 2018లో అమల్లోకి వచ్చాక ఆ ఏర్పాటు పోయింది, దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. ఆటిజం లాంటి కొన్ని స్థితులకు గార్డియన్‌ను నియమించే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో డిమెన్షియా లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్‌లో పరిమిత సంరక్షకుణ్ని నియమించే వీలున్నా, అది ఆ మనిషితో కలిసి నిర్ణయాలు తీసుకునే పరిమిత ఏర్పాటే. ఈ ఖాళీని పూరించడానికి కుటుంబాలు రాజ్యాంగం 226వ ఆర్టికల్ కింద హైకోర్టుకు వెళుతున్నాయి. కోమాలో ఉన్నవాళ్ల కోసం కేరళ హైకోర్టు 2019లో ఒక పద్ధతి పెట్టింది. మెడికల్ బోర్డు పరీక్షించాలి, అధికారులు ఇంటికి వెళ్లి వాస్తవాలు చూడాలి, ఆస్తుల వివరాలు ప్రమాణంగా దాఖలు చేయాలి, గార్డియన్ ఆరు నెలలకొకసారి లెక్కలు సమర్పించాలి. హైదరాబాద్‌లో మన హైకోర్టుకు వెళ్లినా దాదాపు ఇలాంటి వివరాలతోనే సిద్ధపడి వెళ్లాలి.

ఖర్చవుతుంది, నెలలు పడుతుంది. అయినా ఆలస్యమైపోయిన ఇంటికి నేను చెప్పే దారి ఇదే, ఎందుకంటే అప్పటికి చట్టబద్ధమైనది ఇదొక్కటే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లందరూ 'మాకు అభ్యంతరం లేదు' అని అఫిడవిట్లు ఇస్తే పని చాలా తేలికవుతుంది. నాయన పేరున భూమి కేసు ఒకటి ఇప్పటికే నడుస్తుంటే, దానికి మాత్రం హైకోర్టు దాకా పోనక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ కింద ఆ కోర్టులోనే ఆయన తరఫున కేసు నడిపే మనిషిని పెట్టమని అడగవచ్చు.

మీ ఇల్లు ఎలాంటిది?

మిర్యాలగూడ దగ్గర వరి పొలం, పంట రుణం, తొలి దశ మతిమరుపు ఉన్న నాయన అయితే: అమ్మకం లేని స్పెషల్ పవర్, ఒక జాయింట్ ఖాతా, వైద్య ప్రతినిధి కాగితం, వీలునామా. గిఫ్టు ఊసు వద్దు. వనపర్తిలో ఒంటరిగా ఉండే అమ్మకు ఫ్యామిలీ పెన్షన్, ఒక ఇల్లు మాత్రమే ఉంటే పవర్ కూడా అవసరం పడకపోవచ్చు. ఖాతాల్లో పేరు చేర్చి, వీలునామా, వైద్య ప్రతినిధి పత్రం రాయిస్తే చాలు. పిల్లల మధ్య ఇప్పటికే మాటలు లేని ఇల్లు అయితే, పవర్ ఎవరి చేతిలో ఉన్నా గొడవే. అక్కడ నాయనకు తెలివి ఉండగానే వీలునామా, వైద్య ప్రతినిధి రాయించి, ఆ తర్వాత డబ్బు విషయం నేరుగా కోర్టు గార్డియన్‌కే వదలడం మంచిదనుకుంటాను. కోర్టు అడిగే లెక్కలే ఆ పెద్దాయనకు రక్ష.

సంతకం రోజు

పొద్దున పూట పెట్టుకోండి. ఈ జబ్బు ఉన్నవాళ్లకు సాయంత్రమయ్యే కొద్దీ తికమక, చికాకు పెరుగుతాయి. సంతకానికి ఒకటి రెండు రోజుల ముందు డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి. 'డిమెన్షియా తొలి దశ' అని రాస్తే సరిపోదు. 'ఈ పత్రం దేని గురించో, ఎవరికి ఏ అధికారం ఇస్తున్నారో అడిగితే సరిగ్గా చెప్పారు' అని రాయమని అడగండి. పత్రాన్ని తెలుగులోనే రాయించి, నాయనకు మెల్లగా చదివి వినిపించండి. ఆయన మాటల్లో ఆయనను తిరిగి చెప్పమని, అది ఫోన్‌లో వీడియో తీయండి. 'అవును' అని తలూపడం వేరు, 'బోరు మోటారు బాగు చేయించడానికీ, లోన్ పనికీ నా చిన్నబిడ్డకు ఇస్తున్న, భూమి అమ్మేటందుకు కాదు' అని చెప్పడం వేరు. రెండోది వినపడితేనే ముందుకెళ్లండి. సాక్షులుగా లాభం పొందేవాళ్లు వద్దు, ఊళ్లో నాయనను ఏళ్లుగా ఎరిగిన మాస్టారో, పక్కింటివాళ్లో ఉండాలి.

ఇల్లు, ప్లాటు సంగతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, సాగుభూమి సంగతి తహసీల్దార్ ఆఫీసులో. సాగుభూముల రికార్డులు, రిజిస్ట్రేషన్లు చూసే ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. అక్కడ ఫొటో తీస్తారు, వేలిముద్ర మిషన్ మీద పెట్టిస్తారు. అధికారి నాయననే అడుగుతాడు, పేరు ఏమిటి, ఏం కాగితం ఇది అని. జవాబు మీరు అందించకండి, ఆయననే చెప్పనివ్వండి. నడవలేని స్థితి అయితే రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అధికారినే ఇంటికి రమ్మని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

లాయర్ ఫీజు భరించలేనివాళ్లకు నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, ఫోన్ నంబర్ 15100. ఏ పెద్దమనిషినైనా ఇంట్లో చూడటం లేదనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఎవరైనా చేయవచ్చు, పక్కింటివాళ్లు కూడా.